పువ్వు లేని మల్లెవాసన

మా మేనత్త ఒంటి మీది మల్లెవాసన అసలుది కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్నెవరూ అనకుండా. అది కువైట్ నుంచి వచ్చిన సెంటు. వేలెడంత సీసా, ఆకుపచ్చ మూత, పైన గులాబీ బొమ్మ, లోపల మల్లెవాసన. అందులో మల్లెపువ్వూ లేదు, మల్లెమొగ్గా లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో ఏవో మందులు కలిపి పుట్టించిన వాసన. దాన్ని పూసుకుని మా అత్త మా ఇంట్లో అందరి మధ్యా తలెత్తుకుని తిరిగింది. ఆ సంగతి రాయమంటే ఎన్ని పేజీలైనా రాస్తాను. అలా కాదు, కాస్త మార్చి రాయమంటే మాత్రం రాయను. ఈ వయసులో నాకెవరి మొహమాటమూ లేదు.

మార్చి రాయమన్నది మా చెల్లెలి మనవరాలు హారిక. మంచి పిల్ల, ఆ మాట కూడా చెప్పాలి. హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చి, కొత్తపేటలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, కడియం వైపు నుంచి పూలు తెప్పించి, రాగి డేగిసాల్లో ఉడికించి అత్తరు తీస్తోంది. మొన్న అమలాపురంలో మా ఇంటికి వచ్చి, సంచిలోంచి చిన్న చిన్న సీసాలు తీసి నా బల్ల మీద వరసగా పేర్చింది. సంపెంగ, మొగలి, మల్లె, చందనం. సంపెంగ ఒక చుక్క నా మణికట్టు మీద రాసింది. అబద్ధం ఎందుకాడాలి, ప్రాణం లేచొచ్చింది. "ఫ్యాక్టరీ సెంటు పొద్దున్న ఎలా ఉంటే సాయంత్రమూ అలాగే ఉంటుందండి అమ్మమ్మా, మేకు కొట్టినట్టు. ఇది అలా కాదు, ఉండుండి మారుతుంది" అంది. నిజమే, మారింది. ఆ పిల్ల కాఫీ తాగేలోపు ఘాటు తగ్గి, అడుగునున్న తీపి పైకి వచ్చింది. అంతవరకూ నాకూ దానికీ ఏ పేచీ లేదు.

"ఒక సీసా మీకండి" అని, వరసలో మల్లె సీసా దాకా వెళ్లిన చెయ్యి చటుక్కున పక్కకు జరిపి, చందనం తీసి నా చేతిలో పెట్టింది. "మీకు ఇదైతే బాగుంటుంది అమ్మమ్మా" అంది. మావారు పోయి ఏడాది దాటింది. అంతకు ముందు ఇదే పిల్ల వచ్చినప్పుడల్లా నాకు మల్లెపూలు మూరలకు మూరలు తెచ్చేది. కావాలని చేసింది కాదని నాకు తెలుసు. దాని చెయ్యే అలా జరిగింది. సీసా బల్ల మీద పెట్టాను.

తరవాత ఫోన్ తీసి, సీసాల మీద అంటించబోయే లేబుల్ చూపించింది. చూసి నేను కళ్లజోడు సర్దుకున్నాను. అది మా అత్త ఫోటో. నా పెళ్లిలో తీసింది. పందిట్లోకి రానని, వంటింటి గుమ్మం దగ్గరే నిలబడితే, ఫోటో ఆయన్ని నేనే అక్కడికి తీసుకెళ్లి తీయించాను. ఆ ఫోటో నాకు కంఠతా వచ్చు. తెల్లచీర, బోసి నుదురు, బోసి తల. హారిక ఫోన్‌లో మాత్రం అత్త తలనిండా మల్లెపూలు. దండ ఒక కొస భుజం మీదకు జారి ఉంది. కింద "మా తాతమ్మల కాలంలో కెమికల్ అంటే తెలియదు" అని అందమైన అక్షరాలు. "పువ్వులు కంప్యూటర్లో పెట్టించేనండి. బోసిగా ఉంటే బాగోలేదు" అంది. "కింద మీరు నాలుగు ముక్కలు రాసివ్వండి అమ్మమ్మా. మీ మేనత్తగారు అసలైన పూల పరిమళాలే వాడేవారని. మీరు రాస్తే జనం నమ్ముతారు."

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. చచ్చినదాని జడ బారెడు అని కూడా అనుకోవాలి కాబోలు. బతికున్నంతకాలం ఆవిడ తలలో ఒక్క రేకు పెట్టనివ్వలేదు. పోయాక ఫోన్‌లో ఇంత దండ పెట్టి, ఆ తలనే సరుకు అమ్మడానికి పెడుతున్నారు. "కూర్చోవే. ఆవిడెవరో చెబుతాను, విన్నాక నువ్వే రాసుకో" అన్నాను. హారికకి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను, కాస్త తీరిగ్గా.

అత్త పేరు సీతారత్నం. మా నాన్నగారి అక్క. పెళ్లయిన కొత్తలోనే మావయ్య పోతే, తాతయ్య వెళ్లి తీసుకొచ్చేశారు. ఉప్పలగుప్తం దగ్గర మా ఊళ్లో, కొబ్బరితోట మధ్యలో పెంకుటిల్లు. మా తాతయ్య, మామ్మ, అమ్మా నాన్నా, చెల్లీ నేనూ, అత్త. మా అందరి తలలూ అత్త చేతిలోనే ఉండేవి. ఆదివారం కుంకుడుకాయలు కొట్టడం, కొబ్బరినూనెలో మరువం వేసి కాచడం, తలంట్లు, కొబ్బరిపీచు నిప్పుల మీద సాంబ్రాణి చల్లి తడిజుట్టుకి పొగ పట్టడం, అన్నీ ఆవిడే. మామ్మ పట్టుచీరల పెట్టెలో మొగలిరేకులు మార్చేదీ ఆవిడే. ఇంట్లో ఏ మంచివాసన వెనక చూసినా అత్త చెయ్యి ఉండేది. ఆ వాసనల్లో ఒక్కటీ ఆవిడది కాదు. ఆవిడది చీరసబ్బు వాసన.

ఎండాకాలం పెరట్లో మల్లెపొదలు విరగబూసేవి. సాయంత్రం మొగ్గలు కోసుకొచ్చి, అరటినార తడిపి, వీధరుగు మీద కూర్చుని అత్త దండ కట్టేది. అంత ఒత్తుగా, అంత వేగంగా కట్టేవాళ్లని నేను మళ్లీ చూడలేదు. పిల్లలకో ముక్క, అమ్మకో ముక్క, మామ్మకి పెద్ద ముక్క, మిగిలింది దేవుడికి. పెళ్లీడు కూతురున్న పొరుగావిడ వస్తే ఆవిడకీ ఒక ముక్క. కట్టిన మనిషికి మాత్రం ఉత్త నార. కట్టడం అయ్యాక అత్త చేతులు కడుక్కునేది కాదు. "చేతులు కడుక్కోవే, అన్నాలు పెట్టాలి" అని మామ్మ కేకేస్తే "ఆయ్, వస్తున్నానమ్మా" అంటూ ఇంకాసేపు అక్కడే కూర్చునేది. నేను బద్ధకం అనుకునేదాన్ని. చేతివేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుందని చాన్నాళ్లకి చూశాను. వేళ్లకి వాసన అంటితే అది తప్పు కాదు మరి. పని చేస్తే అంటింది, అంతే. ఆ సందు ఎవరూ మూయలేదు.

ఇక తాతయ్య. ఆయనకి శనివారం శనివారం వెంకటేశ్వరస్వామి పూజ. ఆ రోజు స్వామి పటానికి పునుగు అద్దేవారు. నల్లటి కొమ్ము భరిణెలో మైనంలా ఉండేది. మూత తీస్తే ముందు కంపు కొట్టేది, తరవాత తరవాత అదే కమ్మగా మారేది. ఆ పునుగు తెచ్చే ఆయన ఒకసారి బోనుతో సహా వచ్చాడు, సరుకు అసలుదో కాదో మీరే చూసుకోండని. బోనులో పునుగుపిల్లి. ఒళ్లు తిప్పడానికి చోటు లేదు. ఆయన సన్నటి కర్రతో దాన్ని పొడుస్తూ, అది బుసలు కొడుతుంటే, "దీనికి కోపం రావాలండి. కోపం వస్తేనే ఎక్కువ దిగుద్దండి" అన్నాడు. తరవాత తోక పైకి లాగి, అక్కడ చెంచాతో గీకాడు. తాతయ్య భక్తిగా భరిణె పట్టారు. అత్త గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ బోను ఆయన వెళ్లాక "కోపం వస్తేనే దిగుద్దంటే, నా దగ్గర వీశెడు సరుకు ఉండాలే ఈపాటికి" అంది నాతో. నవ్వుతూ అందో, ఏడుస్తూ అందో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

నేను అమలాపురం కాలేజీకి బస్సులో వెళ్లొచ్చే రోజుల్లో మంగ కువైట్ నుంచి మొదటిసారి సెలవుకి వచ్చింది. మంగ మా ఇంట్లో అంట్లు తోమిన పిల్ల. మొగుడు ఒదిలేస్తే, ఎవరో ఏజెంటు ద్వారా కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. వెళ్లే ముందు దాని జ్వరాలకి, ఏడుపులకి అన్నిటికీ అత్తే దిక్కు. వచ్చిన మర్నాడే పెరటి దారిన వచ్చి, కొంగు ముడి విప్పి, ఆకుపచ్చ మూత సీసా తీసి అత్త చేతిలో పెట్టింది. మూత తీయగానే పెరడంతా మల్లె. అప్పుడు కార్తీకమాసం. మల్లెలు పూసి ఎన్నాళ్లో అయింది.

అత్త గబుక్కున మూత పెట్టేసింది. "పిచ్చిదానా, నాకెందుకే ఇది? మల్లెపూలు నేను పెట్టుకుంటానా?" అంది.

మంగ మొహం చిన్నబుచ్చుకుంది. "మల్లెపూలు కావండి రత్నమ్మగారండీ. అసలుది కొందామనే ఎల్లేనండి. ఆటి జోలికి ఎల్లలేమండి మనం. ఇది ఉత్తుత్తిదండి. మా మేడం చెప్పిందండి, దీంట్లో పువ్వనేదే ఉండదంటండి. అంతా మందులేనంట. ఏవనుకోకండి."

అత్త సీసా వంక చూసింది, మంగ వంక చూసింది. "పువ్వు లేదా?"

"లేదండి."

"ఒక్క రేకు కూడానా?"

"ఆయ్. ఒట్టండి. నకిలీదేనండి."

నకిలీ సరుకు తెచ్చానని మంగ సిగ్గుతో చచ్చిపోతోంది. మా అత్త మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది. ఆ మొహం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు, అందుకే ఇవాళ్టికీ మరిచిపోలేదు. లోకంలో నకిలీది అని తెలిసి అంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండి ఉండరు. అత్త మళ్లీ మూత తీసి, ఒక చుక్క చెవి వెనక, ఒక చుక్క మెడ మీద రాసుకుని, నా దగ్గరికి వచ్చి మెడ వంచి, "వస్తోందటే?" అని అడిగింది. ఆవిడ మెడ దగ్గర చీరసబ్బు కాక ఇంకో వాసన పీల్చడం నాకదే మొదలు.

ఆ శనివారం తాతయ్య పూజలో ఉన్నారు. అత్త హారతి పళ్లెం పట్టుకొచ్చింది. తాతయ్య చెయ్యి ఆగిపోయింది.

"ఈ రోజుల్లో మల్లెపూలేంటి? ఎవరు పెట్టుకున్నారు?" అన్నారు.

అత్త పళ్లెం కింద పెట్టి, "పూలు కావండి నాన్నగారండీ. సెంటండి. నేనే రాసుకున్నానండి" అంది.

"బుద్ధుందా నీకు? నువ్వు పువ్వులు పెట్టుకునే మనిషివా?"

"పువ్వులు పెట్టుకోకూడదన్నారు. పెట్టుకోలేదండి. ఇందులో పువ్వు లేదు. ఉందేమో మీరే చూడండి." సీసా తీసి పీట పక్కన పెట్టింది. "వాసన కూడా రాకూడదని నాకెవరూ చెప్పలేదండి."

"అందులో సారా కలుపుతారు. అపవిత్రం" అన్నారు తాతయ్య.

అప్పుడు మా అత్త ఒక మాట అంది. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నా వెన్ను నిటారుగా అవుతుంది. "పిల్లి తోక కింద గీకింది దేవుడికి పవిత్రమైనప్పుడు, శుభ్రంగా సీసాలో పోసింది నాకు అపవిత్రం ఎలా అవుద్దండి?"

తాతయ్య లేచారు. ఆయన మంచివాడు కాదని నేను అనను. కూతుర్ని ఎవరి పంచనో వదిలెయ్యకుండా తీసుకొచ్చి పెట్టుకున్న మనిషి. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. "అది ఒంటి మీద ఉన్నంతకాలం నా దేవుడి గదిలోకి రాకు. నాకు వడ్డించకు" అన్నారు. అత్త "ఆయ్, అలాగేనండి" అని సీసా తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో అత్తకున్నదల్లా ఆ వంటిల్లూ, ఆ వడ్డనే. అది పోతే ఆవిడ ఎవరు? పుట్టిల్లు కాని పుట్టింట్లో ఒక మూల. మా నాన్నగారు వెళ్లి, "పోనీ వదిలెయ్యకూడదా అక్కా, వేలెడు సీసా కోసం ఇంత రభస ఎందుకు?" అని బతిమాలారు. "వేలెడు సీసాయే కదరా, నాన్నగారినే వదిలెయ్యమను" అంది అత్త. వడ్డన మా అమ్మ చేతికి వచ్చింది. అత్త వెనక వసారాలో కూర్చుని తిన్నది. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఆ చుక్క రాసుకోవడం మాత్రం మానలేదు. తగ్గించనూ లేదు. ఇల్లంతా తాతయ్య మౌనం ఒక పక్క, అత్త మల్లెవాసన ఒక పక్క. మేం మధ్యలో పిల్లుల్లా నడిచేవాళ్లం.

తరవాతి శుక్రవారం మామ్మ తలంటి పోసుకుని, పీట మీద కూర్చుంది. మా మామ్మ తాతయ్య ఎదుట నోరెత్తి ఎరగదు. అత్త తల దువ్వి, ముడి వేసి, కనకాంబరాల దండ తీస్తే, మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అవి దేవుడికి పెట్టెయ్యవే. నీ సీసా ఇలా తే" అంది. అత్త కదల్లేదు. "తెమ్మంటే నీక్కాదూ" అంది మామ్మ. తానే మెడ మీద రాయించుకుని, లేచి, మా అమ్మ చేతిలో గరిట తీసుకుని, తాతయ్యకి వడ్డించడానికి వెళ్లింది. ఆయన ముద్ద కలుపుతూ తలెత్తారు.

"నువ్వూనా?" అన్నారు.

"ఆయ్" అంది మామ్మ. "పువ్వుల్లో మా ఇద్దరికీ తేడా పెట్టేరు. బాగానే ఉంది. ఇందులో పువ్వు లేదంటండి, తేడా పెట్టడానికి. చారు పొయ్యమంటారా, వెళ్లిపొమ్మంటారా?"

తాతయ్య కంచం ముందుకు జరిపారు. "పొయ్యి" అన్నారు. సాయంత్రానికి అత్త మళ్లీ వంటింట్లో ఉంది. తాతయ్య పోయేవరకూ ఆ వాసన ఊసెత్తలేదు. దేవుడి గదిలోకి మాత్రం అత్త తనంతట తానే మళ్లీ వెళ్లలేదు. "రాకు అన్నచోటికి నేనెందుకెళ్తానే? ఆ స్వామికి కావాలంటే ఆయనే వంటింట్లోకి వస్తాడు" అనేది. మంగ వచ్చినప్పుడల్లా ఒక సీసా తెచ్చేది. ఒకసారి తెలియక ఖరీదు పెట్టి అసలైన అత్తరు తెచ్చింది, పువ్వులతో చేసింది. అత్త వాసన చూసి, చాలా బాగుందని చెప్పి, మా అమ్మకిచ్చేసింది. "నాది నకిలీది తేవే" అంది.

ఇదీ నేను హారికకి చెప్పింది. చెప్పి, అల్మరాలోంచి ఆకుపచ్చ మూత సీసా తీసి దాని చేతిలో పెట్టాను. సీసా ఎండిపోయింది. మూత తీస్తే ఇప్పటికీ సన్నగా వస్తుంది. ఆ పిల్ల వాసన చూసింది. చేతిపని తెలిసిన పిల్ల కదా, అది ఎంత చవక సరుకో దానికి ఇట్టే తెలిసిపోయింది. పాపం, పైకి అనలేదు.

"చవకదే" అన్నాను నేనే. "నీ అత్తరు దీనికన్నా వెయ్యి రెట్లు బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ మా కాలంలో అంతా అసలే, అంతా స్వచ్ఛమే అని నా చేత చెప్పించకు. అసలు పువ్వు ఉండేది, అది ఎవరి తలకి చేరాలో, ఎవరి తలకి చేరకూడదో నిర్ణయించే మనుషులూ ఉండేవారు. అసలు పునుగు ఉండేది, దాని కోసం బోనులో పిల్లిని పొడిచే కర్రా ఉండేది. ఇప్పుడు పునుగు వాసన కూడా మందులతోనే చేస్తున్నారట కదా. మంచిపని. బోనులో బుసలు కొట్టిన ఆ పిల్లికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును."

"మరి లేబుల్?" అంది మెల్లిగా. "ఫోటో తీసెయ్యమంటారా?"

"ఫోటో ఉంచుకో. పువ్వులు తియ్యి. కింద ఇలా రాయి: ఈవిడ పువ్వు లేని సెంటు రాసుకున్నారు, ఎందుకంటే పువ్వు పెట్టుకోనివ్వలేదు."

"అలా రాస్తే ఎవరు కొంటారండి అమ్మమ్మా?"

"కొనకపోతే పోయె. మా అత్త ఎవరి చేతా ఏమీ కొనిపించడానికి పుట్టలేదు." చందనం సీసా దాని సంచిలో పెట్టేసి, వరసలో మల్లె సీసా నేనే తీసుకున్నాను. "నాకిది చాలు" అన్నాను. హారిక ఒక్క క్షణం నా చెయ్యి వంక చూసింది. తరవాత దానికి అర్థమైంది. ముఖం ఎర్రబడింది. పెద్దవాళ్లం గుచ్చి గుచ్చి చెప్పక్కర్లేదు, పిల్లలు తెలివైనవాళ్లు. వెళ్లేటప్పుడు నా కాళ్లకి దండం పెట్టింది. ఇంతవరకూ ఫోన్ చెయ్యలేదు. లేబుల్ ఏం చేసిందో తెలియదు.

నిన్న మా వీధిలో ఓణీల ఫంక్షన్. నేను వెళ్లాను. గుమ్మం దగ్గర ఇద్దరు ఆడపిల్లలు పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లి, చేతికి గంధం రాసి, కుంకం పెట్టి, ఒక మల్లెదండ ముక్క ఇస్తున్నారు. నా మీద పన్నీరు చల్లారు. గులాబీ ఎక్కడా లేని గులాబీ వాసన అది, ఒక్క పీల్పుతో తెలిసిపోయింది. గంధం రాశారు. తరవాత రెండో పిల్ల పళ్లెం కాస్త వెనక్కి లాక్కుని, పక్కావిడ వైపు తిరిగింది. మా అత్త పువ్వు లేదని వాదించి గెలవాల్సి వచ్చింది. నాకు ఆ వాదన అక్కర్లేదు. చెయ్యి చాపాను.

ఆ పిల్ల కంగారుపడింది. "అమ్మమ్మగారండీ, ఇవి... పువ్వులండి" అంది.

"ఆయ్, పువ్వులే. తెలిసే అడుగుతున్నాను" అన్నాను.

పళ్లెంలోంచి పెద్ద ముక్క ఏరుకుని, అక్కడే, అందరూ చూస్తుండగా ముడిలో తురుముకున్నాను. తరవాత వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. అసలుదే.